ఉత్తరంలో వద్దన్నాడు, ఓటులో సరేనన్నాడు

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, అదీ ఇంత ముసురులో, గ్రంథాలయం దాకా వచ్చి కూర్చున్నారు. చాలా సంతోషం. మీ టైం వృథా చేయకుండా ముందుగా ఒక ఉత్తరంలోని మాటలు చదివి వినిపిస్తాను. తెలుగు నాది, భావం ఉత్తరంలోదే.

"వియత్నాం విషయంలో మా అందరిదీ ఒకటే మాట. మనం ఉండకూడని చోట పీకల్లోతు ఇరుక్కున్నాం. పరిస్థితి చాలా వేగంగా చేయి దాటిపోతోంది. అందులోంచి బయటపడటానికి చేయగలిగిన ప్రయత్నమంతా చేయాలి."

ఈ మాటలు వీధిలో ప్లకార్డు పట్టుకున్న విద్యార్థివి కావు. 1965 జూలై 27న అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్‌కు ఆయన సొంత పార్టీ వాడే, సెనేట్‌లో, అంటే అక్కడి పార్లమెంటు పై సభలో, మెజారిటీ లీడర్‌గా (ఎక్కువ సీట్లున్న పార్టీకి సభా నాయకుడిగా) ఉన్న మైక్ మాన్స్‌ఫీల్డ్ రాసిన మెమోలోవి. ఆ రోజు మాన్స్‌ఫీల్డ్‌తో కూర్చుని మాట్లాడిన సెనేటర్లు మరో ఐదుగురు. సాయుధ దళాల కమిటీ ఛైర్మన్ రిచర్డ్ రస్సెల్, విదేశీ వ్యవహారాల కమిటీ ఛైర్మన్ విలియం ఫుల్‌బ్రైట్, జాన్ స్పార్క్‌మన్, జార్జ్ ఐకెన్, జాన్ షెర్మన్ కూపర్. చివరి ఇద్దరూ ప్రతిపక్షం, అంటే రిపబ్లికన్లు. ఆ ఆరుగురూ కలిసి చెప్పిన మాట అది.

మర్నాడే, జూలై 28న, జాన్సన్ విలేకరుల ముందుకొచ్చి వియత్నాంలో ఉన్న 75 వేల అమెరికన్ సైన్యాన్ని 1,25,000కు పెంచుతున్నానని ప్రకటించాడు.

నేను నలభై ఏళ్ళకు దగ్గరగా చరిత్ర పాఠం చెప్పాను. వియత్నాం యుద్ధం పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలకు ఒకటే చెప్పేవాణ్ణి. అమెరికా పొరపాటు పడింది, అప్పట్లో ఎవరూ ఊహించలేకపోయారు అని. అది తప్పు పాఠం. రిటైరయ్యాక ఈ ఉత్తరాలు ఒక్కొక్కటే చదువుతుంటే తెలిసింది. ఊహించారు. కాగితం మీద పెట్టారు. అధ్యక్షుడి చేతికే ఇచ్చారు. 1964 ఆఖరు నాటికి వియత్నాంలో చనిపోయిన అమెరికన్ సైనికులు 500 లోపే. యుద్ధం ముగిసేసరికి 58 వేలు దాటారు. వియత్నామీయుల లెక్క లక్షల్లో. అంటే ఆ ఉత్తరాలు రాసేనాటికి ఆ చనిపోవాల్సిన అమెరికన్ సైనికుల్లో దాదాపు అందరూ బతికే ఉన్నారు. ఇది గుర్తు పెట్టుకుని వినండి.

మాన్స్‌ఫీల్డ్ గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే ఆ ఉత్తరాల తీరు అర్థం కాదు. 1903లో న్యూయార్క్‌లో ఐరిష్ వలస కుటుంబంలో పుట్టాడు. చిన్నప్పుడే తల్లి పోతే పిల్లల్ని మొంటానా రాష్ట్రంలో గ్రేట్ ఫాల్స్ అనే ఊళ్ళో బంధువుల దగ్గరికి పంపేశారు. పద్నాలుగేళ్ళకే వయసు దాచి మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో నేవీలో చేరాడు. తర్వాత ఆర్మీ, తర్వాత మెరీన్స్. ఆ మెరీన్ ఉద్యోగంలోనే ఫిలిప్పీన్స్, చైనా చూశాడు. తిరిగొచ్చి బ్యూట్ అనే ఊరి రాగి గనుల్లో ఏళ్ళ తరబడి భూమి లోపల పని చేశాడు. చదువు ఎనిమిదో తరగతి కూడా దాటలేదు. అక్కడ మోరీన్ హేస్ అనే టీచరమ్మ పరిచయమైంది. ఆవిడ తన జీవిత బీమా సొమ్ము తీసి మరీ ఆయన్ను యూనివర్సిటీకి పంపింది. గని కూలీ మెల్లిగా చరిత్ర అధ్యాపకుడయ్యాడు. చెప్పిన పాఠం ఏమిటంటే, తూర్పు ఆసియా చరిత్ర. నాకు ఆయన మీద అభిమానం కలగడానికి సగం కారణం ఇదే, దాచుకోను.

1943లో ప్రతినిధుల సభకు, 1953లో సెనేట్‌కు వెళ్ళాడు. 1961 నుంచి 1977 దాకా మెజారిటీ లీడర్. అంతకు ముందు ఆ కుర్చీలో ఉన్నది లిండన్ జాన్సనే, మాన్స్‌ఫీల్డ్ ఆయన కింద విప్. జాన్సన్ మనిషి మీదికొచ్చి, భుజం పట్టుకుని, ముఖంలో ముఖం పెట్టి ఒప్పించే రకం. మాన్స్‌ఫీల్డ్ రెండు ముక్కల్లో జవాబు చెప్పి పైపు నోట్లో పెట్టుకునే రకం. చెప్పాల్సింది ఎక్కువుంటే కాగితం మీద రాసేవాడు.

ఇక ఉత్తరాలు. జాన్సన్‌కు ముందు అధ్యక్షుడిగా ఉన్న కెన్నెడీతో మొదలుపెడదాం.

1954లో జెనీవా ఒప్పందంతో వియత్నాం 17వ అక్షాంశం దగ్గర రెండుగా చీలింది, ఉత్తరాది కమ్యూనిస్టుల చేతికి వచ్చింది. ఆ ఒప్పందం అమలు చూడటానికి వేసిన అంతర్జాతీయ కమిషన్‌కు అధ్యక్షత వహించింది మన దేశమే. దక్షిణాన అమెరికా ఎవరిని నిలబెట్టింది? ఎన్‌గో దిన్ దియెమ్‌ను. అమెరికాలో దియెమ్‌ను గట్టిగా సమర్థించిన వాళ్ళలో మాన్స్‌ఫీల్డ్ ఒకడు. 1954లో అక్కడికి వెళ్ళొచ్చి, దియెమ్ పడిపోతే సాయం ఆపేయడం గురించి ఆలోచించాలన్నంత దాకా వెళ్ళాడు. ఈ సంగతి నేను కప్పిపెట్టను. తర్వాత ఆయన రాసిన ఉత్తరాలకు బరువు వచ్చింది కూడా ఇందుకే. బయటి విమర్శకుడు రాసినవి కావవి. తాను నాటిన చెట్టు పుచ్చిపోయిందని నాటినవాడే చెప్పినవి.

1962 చివర్లో కెన్నెడీ ఆయన్ను పిలిచి, నువ్వు వెళ్ళి చూసి రా అన్నాడు. మరో ముగ్గురు సెనేటర్లతో వెళ్ళాడు. దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్‌లో అమెరికా రాయబార కార్యాలయం వాళ్ళు అంతా బాగుంది, గెలుస్తున్నాం అని లెక్కలు చూపించారు. ఆయన అవి విని ఊరుకోకుండా, అక్కడ పల్లెలు తిరుగుతున్న కుర్ర విలేకరులతో గంటల తరబడి కూర్చున్నాడు. విమానం ఎక్కబోయే ముందు చదవమని రాయబార కార్యాలయం ఒక ప్రకటన రాసిచ్చింది, యుద్ధం ఎంత బాగా సాగుతోందో చెబుతూ. దాన్ని పక్కన పెట్టి తన మాటలు నాలుగు చెప్పి విమానమెక్కాడు.

డిసెంబర్ 18న కెన్నెడీకి రిపోర్టు ఇచ్చాడు. అందులో ఉన్న సారం ఇది. ఏడేళ్ళు గడిచాయి, 200 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి, 1955లో ఏ కష్టాలున్నాయో ఇప్పుడూ అవే ఉన్నాయి. మనం ఇంకా ఆరంభానికి ఆరంభంలోనే ఉన్నాం. అది వాళ్ళ దేశం. అక్కడ పణంగా ఉన్నది ప్రధానంగా వాళ్ళ భవిష్యత్తు, మనది కాదు. ఈ నిజాన్ని పక్కన పెడితే మన ప్రాణాలూ డబ్బూ పోవడమే కాదు, ఒకప్పుడు ఫ్రాన్స్ కూర్చున్న కుర్చీలో మనం కూర్చోవాల్సి వస్తుంది.

ఫ్రాన్స్ కూర్చున్న కుర్చీ. అంటే అంతకు ముందు వియత్నాంను ఏలిన వలస పాలకుడి కుర్చీ. 1962లో ఒక అమెరికా అధ్యక్షుడికి ఆ మాట రాయడం ఎంత కటువో ఆలోచించండి. మేం వలస రాజ్యం కాదు, స్వేచ్ఛ కోసం వచ్చాం అని ఆ దేశం మనస్ఫూర్తిగా నమ్ముతున్న రోజులవి.

క్రిస్మస్ తర్వాత ఫ్లోరిడాలోని పామ్ బీచ్ దగ్గర అధ్యక్షుడి పడవలో ఇద్దరూ కూర్చున్నారు. కెన్నెడీ రిపోర్టు చదువుతూ ముఖం ఎర్రబడింది. ఇదంతా నన్ను ఉన్నదున్నట్టు నమ్మమంటావా అన్నాడు. వెళ్ళి చూసి రమ్మంది మీరే కదా అన్నాడు మాన్స్‌ఫీల్డ్. సరే, మళ్ళీ చదువుతానన్నాడు కెన్నెడీ. తర్వాత తన సహాయకుడు కెన్నెత్ ఓడొనెల్‌తో ఆయన అన్న మాట ఓడొనెల్ జ్ఞాపకాల్లో ఉంది. మన విధానాన్ని అంతగా కాదన్నందుకు మైక్ మీద కోపం వచ్చింది, నేను అతనితో ఏకీభవిస్తున్నందుకు నా మీద నాకే కోపం వచ్చింది, అని.

కోపం వచ్చింది, ఏకీభవించాడు. సైన్యం మాత్రం తగ్గలేదు. కెన్నెడీ పదవిలోకి వచ్చేనాటికి అక్కడున్న అమెరికన్ సైనిక సలహాదారులు వెయ్యి మంది లోపు. ఆయన చనిపోయేనాటికి దాదాపు 16 వేలు. 1963 ఆగస్టు 19న మాన్స్‌ఫీల్డ్ ఇంకో మెమో పంపాడు. అసలు దక్షిణ వియత్నాం మనకు అంత ముఖ్యమా, లేక ముందు మాట ఇచ్చేసి, ఆ మాటను సమర్థించుకోవడానికి దాన్ని ముఖ్యం చేసుకున్నామా అని అడిగాడు. నాకు ఈ ప్రశ్న అన్ని ఉత్తరాల్లోకీ గొప్పదనిపిస్తుంది. దేశాలే కాదు, కుటుంబాలు కూడా ఇలాగే అప్పుల్లో కూరుకుపోతాయి. ముందు పరువుకు పోయి ఖర్చు పెట్టడం, తర్వాత ఆ ఖర్చు తప్పలేదని కారణాలు వెతుక్కోవడం.

మూడు నెలలకల్లా దియెమ్ హత్య, ఆ నెలలోనే కెన్నెడీ హత్య. జాన్సన్ అధ్యక్షుడయ్యాడు.

1964 జనవరి 6 నాటి మెమో చూడండి. అంతకు ముందు ఫోన్లో మాట్లాడుకున్నప్పుడు జాన్సన్, వియత్నాంలో మరో చైనా వద్దు అన్నాడు. అంటే, 1949లో చైనా కమ్యూనిస్టుల చేతుల్లోకి పోయినప్పుడు అప్పటి అధ్యక్షుడు ట్రూమన్‌కు పట్టిన గతి నాకు పట్టకూడదు అని. దానికి మాన్స్‌ఫీల్డ్ చాలా మర్యాదగా రాశాడు: దానికి నేనొక మాట కలుపుతాను, మనకు మరో కొరియా కూడా వద్దు. కొరియా యుద్ధంలో 36 వేల మందికి పైగా అమెరికన్ సైనికులు పోయారు, చివరికి సరిహద్దు దాదాపు మొదలైన చోటే ఆగింది. అందుకని ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్ చెబుతున్న తటస్థీకరణ దారి, అంటే ఆ దేశాన్ని ఏ పక్షానికీ చేరకుండా ఉంచే దారి కూడా చూడమన్నాడు.

జాన్సన్ ఏం చేశాడు? ఆ మెమోను విదేశాంగ మంత్రి రస్క్‌కు, రక్షణ మంత్రి మక్‌నమారాకు, భద్రతా సలహాదారు బండీకి ఇచ్చి జవాబులు రాయమన్నాడు. బండీ రాసిన జవాబు చదివితే మనసు చివుక్కుమంటుంది. చైనా పోయినందుకు ట్రూమన్ దెబ్బతిన్నది ఎందుకంటే, ఇంకా ఏదో చేసి ఉండాల్సిందని జనం నమ్మారు కాబట్టి. సైగాన్ నుంచి ముందుగా మనమే జారుకున్నట్టు కనిపిస్తే ఇప్పుడూ అదే జరుగుతుంది. ఇదీ ఆయన వాదం. ఎన్నికల సంవత్సరం అది. మాన్స్‌ఫీల్డ్ మాట్లాడుతున్నది మనుషుల ప్రాణాల గురించి. వస్తున్న జవాబు ఓట్ల గురించి.

అక్కడినుంచి ఇది ఒక అలవాటు అయిపోయింది. ఆయన రాయడం, వాళ్ళు పాయింటు పాయింటుకూ జవాబు తయారు చేయడం. 1965 ఫిబ్రవరిలో ప్లేకూ దగ్గర అమెరికన్ స్థావరం మీద దాడి జరిగింది, ఎనిమిది మంది చనిపోయారు. ఆ రాత్రి వైట్‌హౌస్ సమావేశంలో ఉత్తరాది మీద బాంబులు వేద్దామని అందరూ అంటుంటే వద్దన్న గొంతు మాన్స్‌ఫీల్డ్‌ది. ఫిబ్రవరి 8న ఉత్తరం. మార్చిలో ఉత్తరం. జూన్‌లో ఒకే వారంలో రెండు. జూలై 27 సాయంత్రం వైట్‌హౌస్‌లో రెండు సభల నాయకుల సమావేశంలో కాగితం చూసి చదివాడు: ఆ సైగాన్ ప్రభుత్వానికి మనం ఏమీ బాకీ లేం, మూడేళ్ళు ఐదేళ్ళు సాగే యుద్ధాన్ని మన జనం మోయరు, ఒక మెట్టు ఎక్కితే ఇంకో మెట్టు ఎక్కాల్సి వస్తుంది. ఆ రోజు పంపిన మెమోయే నేను మొదట చదివింది.

ఇప్పుడు రెండో వైపు చెప్పాలి. నాకు కష్టంగా ఉంది, అయినా చెప్పాలి.

1964 ఆగస్టు 7. టోంకిన్ సింధుశాఖ తీర్మానం. యుద్ధం ప్రకటించకుండానే యుద్ధం చేసే అధికారం అధ్యక్షుడికి ఇచ్చిన కాగితం. సెనేట్‌లో 88 మంది సరేనన్నారు, ఇద్దరే వద్దన్నారు. ఆ ఇద్దరు వేన్ మోర్స్, ఎర్నెస్ట్ గ్రూనింగ్. మాన్స్‌ఫీల్డ్ 88 మందిలో ఉన్నాడు. 1965 మే 6. యుద్ధం కోసం జాన్సన్ అదనంగా 70 కోట్ల డాలర్లు అడిగాడు. డబ్బు కన్నా, నా వెనక సభ ఉందని చూపించుకోవడం ఆయనకు కావాలి. 88 మంది సరే, ముగ్గురు కాదు. ఆ ముగ్గురిలోనూ మాన్స్‌ఫీల్డ్ లేడు.

ఉత్తరంలో వద్దన్న మనిషి ఓటులో సరేనన్నాడు.

ఎందుకు? ఆయన వైపు నుంచి న్యాయంగా చూద్దాం. విదేశాంగం అధ్యక్షుడి చేతిలో పని, సలహా ఆయన చెవిలో చెప్పాలి గానీ బజార్లో కాదు అని ఆయన నమ్మాడు. సైనికుడు యుద్ధభూమిలో ఉండగా డబ్బు ఆపడం ద్రోహమనుకున్నాడు, ఒకప్పుడు తానూ సైనికుడే కదా. ఇంకో పెద్ద కారణం ఉంది. ఆ 1965 వేసవిలోనే వృద్ధులకు వైద్యం అందించే మెడికేర్ చట్టం వచ్చింది, జూలై 30న జాన్సన్ సంతకం చేశాడు. నల్లజాతి వాళ్ళకు ఓటు హక్కు నిజంగా దక్కేలా చేసిన చట్టం ఆగస్టు 6న. వలస చట్టం అక్టోబర్ 3న. ఇవన్నీ సెనేట్‌లో గట్టెక్కించే బాధ్యత మెజారిటీ లీడర్‌గా మాన్స్‌ఫీల్డ్ మీద ఉంది. అధ్యక్షుడితో బహిరంగంగా తెగతెంపులు చేసుకుంటే వాటి గతేంటి అనే టెన్షన్ ఆయనకు లేకుండా ఉంటుందా?

ఆ వలస చట్టం దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. అంతకు ముందు మన దేశం నుంచి అమెరికాలో స్థిరపడటానికి ఏడాదికి వంద మందికి మించి కోటా ఉండేది కాదు. ఆ తలుపు తెరిచింది 1965 చట్టం. ఈ హాల్లో ఉన్నవాళ్ళలో ఎంతమంది పిల్లలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నారో నాకు తెలుసు. మా అన్నయ్య కొడుకూ అక్కడే ఉన్నాడు. ఆ దారి వేసిన సెనేట్‌కు నాయకుడు ఈ మనిషే. కాబట్టి ఆయన మౌనం వల్ల మేలేమీ జరగలేదని నేను అనలేను.

అయినా నా మనసు ఒప్పుకోదు. ఎందుకో నా అనుభవం ఒకటి చెబితే తెలుస్తుంది. నేను పనిచేసిన ఒకచోట, ఫీజు బాకీ ఉన్న పిల్లలకు హాల్ టికెట్ ఇవ్వొద్దని యాజమాన్యం అనుకుంది. నేను ఆ రాత్రి కూర్చుని ప్రిన్సిపాల్‌కు మూడు పేజీల ఉత్తరం రాశాను. ఇది అన్యాయం, పిల్లల ఏడాది పోతుంది అని. ఆయన చదివి, మాస్టారూ, బాగా రాశారు అన్నారు. మర్నాడు స్టాఫ్ మీటింగ్‌లో తీర్మానం పెట్టారు. అందరితో పాటు నేనూ చెయ్యెత్తాను. ఇద్దరు పిల్లలు ఆ ఏడు పరీక్ష రాయలేదు. ఆ ఉత్తరం నకలు నా దగ్గర ఇప్పటికీ ఉంది. చాలాకాలం దాన్ని చూసుకుని, నేను చెప్పాల్సింది చెప్పాను అనుకునేవాణ్ణి. ఆ ఇద్దరికీ ఆ ఉత్తరం ఉందని కూడా తెలియదు.

జాన్సన్‌కు కూడా ఆ ఉత్తరాలు పనికొచ్చాయి, ఇంకో రకంగా. ఎదుటివాడి వాదం ఏమిటో ముందే తెలిసేది, జవాబు సిద్ధమయ్యేది. నేను అందరి మాటా విన్నాను అని చెప్పుకునే వీలు దొరికేది. రహస్యంగా చెప్పిన అసమ్మతి పాలకుడికి బరువు కాదు. 88 ఓట్లలో ఒకటి తగ్గితే, ఆ ఒక్కటి మెజారిటీ లీడర్‌దైతే, అది బరువు.

1965 చివర్లో ఆయన మళ్ళీ వియత్నాం వెళ్ళొచ్చాడు. ఈసారి రిపోర్టు 1966 జనవరిలో బయటపెట్టాడు. ఈ యుద్ధానికి అవతలి గట్టు కనబడటం లేదు, అవతలివాళ్ళు ఎంత దూరం రాగలిగితే అంత దూరం సాగుతుంది అన్నది దాని సారం. అప్పటికి అక్కడ 1,84,000 మంది అమెరికన్ సైనికులున్నారు. 1969కి 5,43,000. 1968 మార్చిలో జాన్సన్ తన ప్రసంగం ముసాయిదాను మాన్స్‌ఫీల్డ్‌కు చదివి వినిపిస్తే, ఇందులో జనానికి ఆశ ఏమీ లేదు అని ముఖం మీదే చెప్పాడు. నాలుగు రోజులకు, మార్చి 31న, జాన్సన్ ఉత్తరాది మీద చాలా భాగం బాంబుదాడులు ఆపుతున్నానని, మళ్ళీ పోటీ చేయనని ప్రకటించాడు.

జాన్సన్ తర్వాత నిక్సన్ అధ్యక్షుడిగా వచ్చాక కూడా మాన్స్‌ఫీల్డ్ ఉత్తరాలు రాశాడు, ఆయనతో కూర్చుని టిఫిన్ తింటూ మాట్లాడాడు. కానీ 1970లో నిక్సన్ కంబోడియాలోకి సైన్యాన్ని పంపాక ఉత్తరాలతో ఊరుకోలేదు. 1971 జూన్ 22న సెనేట్‌లో తన పేరు మీద సవరణ పెట్టాడు. అవతలివాళ్ళ చేతిలో ఉన్న అమెరికన్ యుద్ధ ఖైదీల విడుదలకు ఒప్పందం కుదిరితే తొమ్మిది నెలల్లో సైన్యం అంతా వెనక్కి రావాలి అని. 57 మంది అవునన్నారు, 42 మంది కాదన్నారు. తొమ్మిదేళ్ళ కిందట కెన్నెడీకి చెవిలో చెప్పిన మాట మొదటిసారి సభలో ఓటుతో నెగ్గింది. ప్రతినిధుల సభ దాన్ని పలుచన చేసింది. ఆ ఏడాది నవంబర్‌లో ఆ మాటలే మరో బిల్లులో గడువు లేకుండా చేరితే, నిక్సన్ సంతకం పెడుతూనే ఆ సెక్షన్‌కు నేను కట్టుబడను అన్నాడు. సైన్యం పూర్తిగా తిరిగి వచ్చింది 1973లో, పారిస్ ఒప్పందం తర్వాత.

ఇందాక వెనక వరసలో కూర్చున్న అమ్మాయి నన్నొక ప్రశ్న అడిగింది. ఓటులో కనబడని ఉత్తరాలకు విలువేమిటి సార్, అని. అమ్మా, ఆ రోజు వాటి విలువ తక్కువే. ఈ రోజు ఎక్కువ. 1995లో మక్‌నమారా, మేం తప్పు చేశాం, ఘోరమైన తప్పు చేశాం అని ఒప్పుకున్నాడు. ఆ మాట విన్నప్పుడు, అప్పట్లో తెలియక చేశారేమో అని నీకు జాలి కలుగుతుంది చూడు, అప్పుడు ఈ ఉత్తరాలు తీసి తారీఖులు చూడాలి. 1962 డిసెంబర్ 18. 1963 ఆగస్టు 19. 1964 జనవరి 6. 1965 జూలై 27. తెలియక కాదు. తెలిసే.

ఆ నాలుగింటిలో ముఖ్యమైన భాగాలు తెలుగులో రాసి జిరాక్స్ తీయించాను. తలుపు పక్కన బల్ల మీద ఉన్నాయి. తీసుకెళ్ళండి, ఇంట్లో ఓట్లు వేసే వయసు పిల్లలుంటే వాళ్ళ చేత కూడా చదివించండి.